చందువకి చుట్టం ఎవరు? రేవులో కొన్న చేపలతో వంశవృక్షం గీయడం ఎలా

మా అమ్మ లెక్కలో తెల్ల చందువ, నల్ల చందువ అక్కచెల్లెళ్ళు. ఒకటి దొరక్కపోతే రెండోది తెస్తాం. పులుసు ఒకటే, వేపుడు ఒకటే, పళ్ళెంలా గుండ్రంగా ఉండే ఒళ్ళూ ఒకటే. జంతుశాస్త్రం చదివిన తర్వాత కూడా చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. జీవశాస్త్రవేత్తలు గీసిన వంశవృక్షంలో మటుకు నల్ల చందువ వెళ్ళి పార చేపల ఇంట్లో కూర్చుంది. తెల్ల చందువేమో కానాగంత, వంజరం ఉన్న వైపు తేలింది. రెండింటికీ కలిసింది ఇంటిపేరు మాత్రమే.

ఇది ఎలా తేల్చారో చదివి తల ఊపడం కన్నా ఒకసారి చేసి చూడటం మంచిది. పెద్ద సరంజామా అక్కర్లేదు. నాలుగు చేపలు, కత్తి, వెడల్పాటి పళ్ళెం, స్కేలు, తెల్లకాగితం, పెన్సిలు, చివర్లో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు చాలు. ఒక ఆదివారం పొద్దున్న మొదలుపెడితే రాత్రికి చెట్టు చేతికొస్తుంది. చేపలు మధ్యాహ్నానికే కూరలోకి వెళ్ళిపోవచ్చు.

రేవుకి వెళ్ళే ముందు

ముందు క్యాలెండరు చూసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరుకి వెళ్తే లంగరేసిన పడవలు కనిపిస్తాయి గానీ మీ జాబితాలోని చేపలన్నీ దొరకవు. మిగతా కాలంలో తెల్లవారకముందే వెళ్ళండి. ఎండెక్కాక మంచి మచ్చులు మిగలవు, చేపల రంగు కూడా పోతుంది.

కొనాల్సినవి నాలుగు: కానాగంత, తెల్ల చందువ, నల్ల చందువ, పార. పారలో చాలా రకాలుంటాయి, ఒళ్ళు కాస్త సాగినట్టుండేది తీసుకోండి. నల్ల చందువలో అరచేతికన్నా చిన్న పిల్ల ఒకటి కనిపిస్తే వదలకండి, దాని అవసరం తర్వాత పడుతుంది. అయిదోది సొర. దాన్ని కొననక్కర్లేదు, బల్ల మీద ఉన్నదాన్ని చూసి రాసుకుంటే చాలు. సొరల్లో, టేకు చేపల్లో కొన్ని జాతులకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలైతే అసలు ముట్టుకోవద్దు.

రెండు జాగ్రత్తలు. చేప చేతిలో పడగానే అమ్మే ఆవిడ అలవాటుగా మొప్పలు లాగి, రెక్కలు కత్తిరించి, పొట్ట శుభ్రం చేసేస్తుంది. మనం చదవబోయే రాతంతా ఆ చెత్తబుట్టలోకి వెళ్ళిపోతుందన్నమాట. "కొయ్యొద్దమ్మా, నిలువునా ఇచ్చీ" అని ముందే చెప్పండి. ఇక ఫోటోలు తీసేది కొన్న తర్వాతే. నేను మొదటిసారి కొనకుండా ఫోన్ బయటికి తీస్తే, "ఏటి బాబూ, కొంటావా, బొమ్మలే తీత్తావా?" అని పడింది. తప్పు నాదే.

ఇంటికొచ్చాక ఒక్కో చేపనీ తల ఎడమవైపు వచ్చేలా పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. చేపల బొమ్మలు తల ఎడమవైపుకే పెట్టడం ఈ శాస్త్రంలో ఆనవాయితీ. అలా తీస్తే మీ ఫోటోని ఏ గ్రంథంలోని బొమ్మతోనైనా పోల్చుకోవచ్చు.

పేరు రెండుసార్లు రాయండి

మొదట రేవులో విన్న పేరు, విన్నది విన్నట్టు. దాన్ని చిన్నచూపు చూడొద్దు. 1780ల్లో ఇదే విశాఖలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. తమ్ముడు క్లాడ్ ఇక్కడ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, అతని వెంట వచ్చాడు. పాముల్నీ చేపల్నీ పోగేసి బొమ్మలు వేయించాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలున్నాయి. వాటికి ఆయన వాడినవి మన జాలర్లు చెప్పిన పేర్లే. పాముల పుస్తకంలో "కాటుక రేకుల పొడ" అని ఒకటుంది. ఇవాళ ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అని పిలిచేది దాన్నే, మన రక్తపింజర.

ఆ చేపల్లో ఒకదాని కింద, మన కానాగంత కిందే, రస్సెల్ "కానగుర్త" అని రాసుకున్నాడు. ఫ్రాన్సులో కూర్చున్న జంతుశాస్త్రవేత్త క్యువియే ఆ బొమ్మా పేరూ చూసి, 1816లో ఆ చేపకి స్కాంబర్ కానగుర్త అని శాస్త్రీయ నామం పెట్టాడు. అలా విశాఖ జాలరి మాట లాటిన్ పేర్లలో చేరి కూర్చుంది.

రెండోసారి శాస్త్రీయ నామం రాయండి. ఫిష్‌బేస్ అనే ఉచిత వెబ్‌సైటులో బొమ్మతో పోల్చుకుంటూ వెతకండి. మొదటి మాట ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. రెండోది జాతి. 1758లో వచ్చిన, స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వర్గీకరణ గ్రంథం పదో కూర్పు నుంచి జంతువుల పేర్ల లెక్క మొదలవుతుంది. అంతకుముందువి చెల్లవు. పేరు వెనక పెట్టినవాడి పేరూ సంవత్సరమూ ఉంటాయి. అవి కుండలీకరణాల్లో ఉంటే ఒక కథ ఉన్నట్టు. రాస్ట్రెల్లిజర్ కానగుర్త (క్యువియే, 1816) అని రాస్తే, క్యువియే పెట్టిన ప్రజాతి ఇది కాదు, తర్వాత ఎవరో ఇల్లు మార్చారు, జాతి పేరు మటుకు అలాగే ఉంచారు అని అర్థం.

తెల్ల చందువని పాంపస్ అర్జెంటియస్ అని రాసుకోండి, పక్కనే చిన్న ప్రశ్నార్థకం పెట్టండి. మన తీరంలో దొరికేది నిజానికి పాంపస్ కాండిడస్ అని ఈమధ్య కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. నల్ల చందువ పారాస్ట్రోమాటియస్ నైజర్. ఇక్కడ "పారా" అంటే మన పార చేప కాదు, గ్రీకులో "పక్కన" అని. పేరు పెట్టినవాళ్ళకీ అది తెల్ల చందువల కుటుంబమైన స్ట్రోమాటిడేకి అటూఇటూగా కనిపించి ఉంటుంది. పారకి ప్రజాతి వరకు, కారాంక్స్ అని తేల్చుకున్నా చాలు.

ఇంతకీ రెండు చేపలు ఒకే జాతో వేర్వేరో ఎలా చెప్పాలి? జీవశాస్త్రవేత్త ఎర్నస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది: తమలో తాము జతకట్టి సంతతిని కొనసాగించేవి ఒక జాతి. చనిపోయి ఐసులో ఉన్న చేపని ఆ ప్రశ్న ఎలా అడుగుతాం? అందుకే ఆచరణలో రూపం, డీఎన్ఏ, దొరికే చోటు కలిపి చూస్తారు. మండపీతనే తీసుకోండి. చాలాకాలం సిల్లా సెరాటా అనే ఒక్క పేరు కిందే చాలామంది రాసుకుపోయారు. 1998లో జన్యువులూ కొలతలూ కలిపి చూసిన పరిశోధకులు నాలుగు జాతులుగా విడదీశారు. మన బజారులో పెద్ద పీత, ఎర్ర గోళ్ళ చిన్న పీత అని ధర వేరుగా చెప్పే ఆవిడ ఆ పరిశోధన చదివి ఉండదు.

పట్టిక: ఉందా, లేదా

ఇక అసలు పని. కాగితం మీద నిలువుగా అయిదు గళ్ళు గీసి పైన సొర, కానాగంత, తెల్ల చందువ, నల్ల చందువ, పార అని రాయండి. అడ్డంగా లక్షణాలు. లక్షణం ఉంటే 1, లేకపోతే 0. "కొంచెం ఉంది" అనిపించే లక్షణాన్ని మొదటిసారికి వదిలేయండి.

ఒకటో లక్షణం, ఎముకల అస్థిపంజరం. సొరది మృదులాస్థి, కత్తికి మెత్తగా తెగుతుంది. సొరకి 0, మిగతా నాలుగింటికీ 1.

రెండు, పళ్ళెంలా గుండ్రటి ఒళ్ళు. రెండు చందువలకీ 1, మిగతావాటికి 0.

మూడు, పొట్ట కింది జత రెక్కలు లేకపోవడం. పెరిగిన చేపలో చూడండి. రెండు చందువలకీ ఆ రెక్కలు లేవు, కాబట్టి వాటికి 1. కానాగంతకీ పారకీ సొరకీ ఉన్నాయి, 0.

నాలుగు, తోక దగ్గర పక్కన వరసగా గట్టి పలకల్లాంటి పొలుసులు. కంటికి కనబడకపోతే తోక వైపు నుంచి తల వైపుకి వేలితో రాయండి, గరుకు తగులుతుంది. పారకి కచ్చితంగా ఉంటాయి. నల్ల చందువకి కూడా, కాస్త బలహీనంగా, ఉంటాయి. తెల్ల చందువ తోక నున్నగా జారిపోతుంది. నాకు ఈ పట్టికలో బాగా ఇష్టమైన వరస ఇదే. ఇన్నేళ్ళూ చందువ తింటూ ఆ చోట ఒక్కసారైనా వేలు పెట్టని నేను మొదటిసారి ముట్టుకుని, అమ్మని పిలిచి ముట్టించాను.

అయిదు, తోక వైపు అడుగు రెక్కకి ముందు విడిగా నిలబడే రెండు ముళ్ళు. పారలో స్పష్టంగా కనిపిస్తాయి. నల్ల చందువ పెద్దదైతే ముళ్ళు చర్మంలో కలిసిపోయి దొరకవు. మీరు తెచ్చిన చిన్న పిల్లలో వెతకండి. ఈ రెండింటికీ 1, మిగతావాటికి 0.

ఆరు, గొంతు లోపల, మొప్పలకి వెనకగా, పళ్ళున్న కండ సంచులు. తెల్ల చందువ మొప్పల సందు చిన్న చీలికలా ఉంటుంది, కాబట్టి తలని రెండుగా చీల్చి చూడాల్సి వస్తుంది. దానికొక్కదానికే 1.

ఈ ఆరూ కాక ఇంకా రాయాలనిపిస్తుంది: దవడలున్నాయి, వెన్నెముక ఉంది, మొప్పలున్నాయి. రాయకండి. అవి అయిదింటికీ ఉన్నవి. అందరికీ ఉన్న లక్షణంతో ఎవరు ఎవరికి దగ్గరో చెప్పలేం.

తాత ముక్కు, నాన్న సొట్టబుగ్గ

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి, వంశవృక్షం గీసే విద్య అంతా ఇక్కడే ఉంది. మీ పెదనాన్న పిల్లలకీ, మేనత్త పిల్లలకీ, మీకూ మీ తమ్ముడికీ అందరికీ తాతగారి ముక్కే వచ్చిందనుకుందాం. ఆ ముక్కుని చూపించి మీరూ మీ తమ్ముడూ ఒక తండ్రి పిల్లలని ఎవరూ నిరూపించలేరు. అది ఆ ఇంటి మొత్తానిది. అదే, తాతగారికి లేకుండా మీ నాన్నతో మొదలైన సొట్టబుగ్గ మీ ఇద్దరికే ఉంటే అది సాక్ష్యం అవుతుంది. పాత లక్షణం కలిసినా చుట్టరికం తేలదు. కొత్తగా పుట్టి కొందరికే పంచబడిన లక్షణం కావాలి.

జర్మనీలో ఈగలూ దోమల మీద పనిచేసిన విల్లీ హెన్నిగ్ 1950లో ఈ సంగతిని సూత్రంగా పెట్టాడు. ఆయన పుస్తకం 1966లో ఇంగ్లీషులోకి వచ్చాక కానీ ప్రపంచం పట్టించుకోలేదు. అంతకుముందు వర్గీకరణ అంటే చాలావరకు ఆ రంగంలో తలపండినవాడి కంటి చూపే. ఇద్దరు పండితులు విభేదిస్తే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళది నెగ్గేది.

ఒక లక్షణం పాతదో కొత్తదో తెలిసేదెలా? దానికే సొరని తెచ్చాం. మిగతా నాలుగింటి మధ్య తగువు తీర్చడానికి ఆ నాలుగింటికీ దూరపు చుట్టం ఒకటి కావాలి. మన మాటల్లో వేలువిడిచిన చుట్టం. సొరలోనూ ఉన్న లక్షణం పాతది, సొరలో లేనిది కొత్తగా వచ్చింది అని మొదటి అంచనా వేసుకోవచ్చు. మరీ దూరపుదాన్ని, రొయ్యనో పీతనో, నిలబెడితే పోల్చడానికి రెక్కలూ పొలుసులే ఉండవు. మరీ దగ్గరిదాన్ని పెడితే అది బయటిదో లోపలిదో తెలియక చెట్టే తలకిందులవుతుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే.

కొమ్మలు గీసి మార్పులు లెక్కపెట్టండి

అయిదు పేర్లకి సాధ్యమయ్యే వంశవృక్షాలు 105. సొరని బయట నిలబెట్టేశాం కాబట్టి మిగిలిన నాలుగింటికి 15. పదిహేనూ ఓపిగ్గా గీయొచ్చు, ఒక సాయంత్రం పని. ఇదే పది జాతులతో చేద్దామనుకుంటే 3 కోట్ల 44 లక్షల 59 వేల 425 చెట్లవుతాయి, అందుకే కంప్యూటర్లు.

ప్రతి చెట్టు మీదా ఒక్కో లక్షణం ఎన్నిసార్లు మారితే పట్టికలోని 0, 1లు వస్తాయో లెక్కపెట్టండి. అతి తక్కువ మార్పులతో సరిపోయే చెట్టుని నమ్మాలన్నది పొదుపు సూత్రం. పొలుసుల పలకలు రెండుసార్లు విడివిడిగా పుట్టాయి అనడం కన్నా ఒకసారి పుట్టి ఇద్దరికి పంచబడ్డాయి అనడం తేలిక కదా.

మూడు చెట్లు చూద్దాం. మొదటిది మా అమ్మ చెట్టు, రెండు చందువలూ జంట. ఎముక 1, గుండ్రటి ఒళ్ళు 1, పొట్ట రెక్కలు పోవడం 1, పలకలు 2, ముళ్ళు 2, గొంతు సంచి 1. మొత్తం 8.

రెండోది, నల్ల చందువ, పార జంట, వాటి పక్కన తెల్ల చందువ. ఎముక 1, ఒళ్ళు 2, రెక్కలు 2, పలకలు 1, ముళ్ళు 1, సంచి 1. మళ్ళీ 8.

మూడోది, ఒకవైపు నల్ల చందువ, పార. ఇంకోవైపు తెల్ల చందువ, కానాగంత. అదీ 8.

నేను మొదటిసారి ఈ లెక్క చేసి ఎక్కడో కూడిక తప్పానని మూడుసార్లు చూసుకున్నాను. తప్పలేదు. ఆరు లక్షణాలతో తగువు తీరదు, అంతే. గొంతు సంచి ఎటూ సాయపడదని కూడా గమనించారా? ఒక్కదానికే ఉన్న లక్షణం ఏ చెట్టు మీదైనా ఒక్క మార్పే. ఆ చేపని గుర్తుపట్టడానికి బంగారం లాంటి లక్షణం, చుట్టరికం తేల్చడానికి చెల్లని కాసు.

సమంగా నిలిచినప్పుడు సాక్షుల్ని మళ్ళీ విచారించాలి. రెండో సాక్షి గుండ్రటి ఒళ్ళు. శత్రువు నోట పట్టకుండా ఉండటానికీ, చటుక్కున పక్కకి తిరగడానికీ ఎత్తుగా పలచగా ఉండే ఒళ్ళు చాలా చేపల్లో విడివిడిగా వచ్చింది. బతుకుతెరువు ఒకటైతే ఆకారం కలవడం మామూలే. తిమింగలానికి చేప ఆకారం రావడం, గబ్బిలానికి రెక్కలు రావడం ఈ బాపతే. తిమింగలాన్ని చేపల్లోంచి తీసి పాలిచ్చే జంతువుల్లో పెట్టినవాడు ఆ 1758 కూర్పులోని లిన్నేయసే.

మూడో సాక్షి పొట్ట రెక్కలు లేకపోవడం. ఇప్పుడు ఆ చిన్న నల్ల చందువని తీయండి. మరీ చిన్నదైతే పొట్ట కింద రెక్కలుంటాయి! నల్ల చందువకి చిన్నతనంలో ఉండి పెరిగాక పోతాయి. తెల్ల చందువకి అలా ఉండి పోయే రెక్కల్లేవు. ఫలితం ఒకటే గానీ దారి వేరు. ఒక లక్షణం "లేకపోవడం" ఎప్పుడూ బలహీనమైన సాక్ష్యమే. పోగొట్టుకోవడం సులువు, ఎవరైనా ఎప్పుడైనా పోగొట్టుకోవచ్చు. పలకలూ ముళ్ళూ లాంటివి కొత్తగా కట్టుకోవడమే కష్టం.

అయినా తీర్పు చెప్పేముందు ఇంకొందరు సాక్షులు కావాలి.

డీఎన్ఏని పిలవడం

ప్రయోగశాల అక్కర్లేదు. ప్రపంచంలోని పరిశోధకులు చదివిన జన్యుక్రమాలు అమెరికా వాళ్ళ జెన్‌బ్యాంక్‌లో ఎవరైనా దించుకునేలా ఉన్నాయి. న్యూక్లియోటైడ్ విభాగం ఎంచుకుని, జాతి పేరు ఇంగ్లీషులో కొట్టి, పక్కన సీఓఐ అనే జన్యువు పేరు చేర్చండి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో, జంతువుల్ని గుర్తుపట్టడానికి బార్‌కోడ్‌లా ఈ జన్యువు ముక్క సరిపోతుందని ప్రతిపాదించింది. సుమారు 650 డీఎన్ఏ అక్షరాలు (ఎ, సి, జి, టి).

అయిదింటికీ ఒక్కో క్రమం ఫాస్టా అనే ఫైలు రూపంలో దించుకోండి. సొరకి రైజోప్రియోనోడాన్ అక్యూటస్ అని వెతకండి, మన రేవులో కనిపించే చిన్న సొరల్లో అదొకటి. తెల్ల చందువకి అర్జెంటియస్, కాండిడస్ రెండు పేర్లతోనూ చూడండి. ఎక్కడ దొరికిన మచ్చు, ఏ సంగ్రహాలయంలో భద్రపరిచారు అన్న వివరాలున్న క్రమాన్నే తీసుకోండి. చేపని తప్పుగా గుర్తుపట్టి ఎక్కించిన క్రమాలు జెన్‌బ్యాంక్‌లో ఉన్నాయి. చేప పేరు తప్పితే ఆ తర్వాత ఎంత గణితం చేసినా లాభం లేదు.

తర్వాత మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసుకోండి. అయిదు క్రమాల్నీ అందులో తెరిచి మజిల్ పద్ధతితో వరస కుదర్చండి, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన అక్షరాలు ఒకే నిలువు గడిలో పడేలా సర్దడం. పాత తాళపత్ర ప్రతుల్ని పక్కపక్కన పెట్టి ఏ లేఖకుడు ఏ అక్షరం తప్పాడో చూసినట్టే. అక్షరాల్ని ప్రోటీనుగా మార్చి చూపమని అడగండి, వెన్నెముక జీవుల మైటోకాండ్రియా సంకేతం ఎంచుకుని (మైటోకాండ్రియా అంటే కణంలో శక్తి తయారయ్యే చోటు, సీఓఐ జన్యువు దానిలోదే). మధ్యలో ఆగుడు గుర్తులు వస్తే వరస చెడిందనో క్రమం చెత్తదనో అర్థం.

ఆపైన మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ పద్ధతి (మీ అక్షరాలు ఇలా రావడానికి అన్నిటికన్నా ఎక్కువ అవకాశమున్న చెట్టుని వెతికేది) ఎంచుకుని, బూట్‌స్ట్రాప్ 1000 అని పెట్టి నడిపించండి. బూట్‌స్ట్రాప్‌ని వంశవృక్షాలకి వాడటం 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ మొదలుపెట్టాడు. మీ అక్షరాల గళ్ళలోంచి గుడ్డిగా మళ్ళీ మళ్ళీ ఏరి వెయ్యి కొత్త పట్టికలు తయారుచేసి, ఒక్కోదానికీ చెట్టు గీసి, ఒక కొమ్మ ఎన్నిసార్లు మళ్ళీ వచ్చిందో చెబుతుంది. నూటికి 95 వస్తే ధీమాగా ఉండొచ్చు, 70 దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి, 40 వస్తే ఆ కొమ్మ గురించి నోరు మెదపకపోవడం మేలు.

నిరాశపడకండి గానీ, ఈ ఒక్క జన్యువుతో అయిదు చేపల మధ్య కొన్ని కొమ్మలకి తక్కువ అంకెలే రావచ్చు. సీఓఐ దగ్గరి జాతుల్ని విడదీయడంలో దిట్ట. కోట్ల ఏళ్ళ కిందటి చీలికల దగ్గరికొచ్చేసరికి ఒకే అక్షరం మీద మార్పు మీద మార్పు పడి పాత రాత చెరిగిపోతుంది. అందుకే పెద్ద ప్రశ్నలకి చాలా జన్యువులు, కొన్నిసార్లు మైటోకాండ్రియా జన్యుక్రమం మొత్తం వాడతారు.

అలా చేసిన పని ఒకటి మన తగువు తీరుస్తుంది. 2013లో జపాన్‌కి చెందిన మసాకి మియా బృందం ప్రచురించిన పరిశోధనలో కానాగంత, వంజరం, ట్యూనాల కుటుంబం, తెల్ల చందువల కుటుంబం, బెల్టులా వెండిరంగులో మెరిసే సావళ్ళ కుటుంబం, ఇలా మొత్తం 15 కుటుంబాలు ఒకే ఇంటివని తేలింది. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ళ కిందటి ఆ గడ్డుకాలం తర్వాత నడిసముద్రంలో విస్తరించిన సంతానం అది. గుండ్రటి చందువ, సూదిమొనలా దూసుకుపోయే ట్యూనా, చీర అంచులాంటి సావళ్ళు ఒక్క తల్లి పిల్లలంటే పైకి చూసి ఎవరు నమ్ముతారు? నల్ల చందువ ఆ ఇంట్లో లేదు, పారలతోనే ఉంది. అంటే మీ మూడో చెట్టు నెగ్గింది.

ఇంకో తమాషా. రేవులో కత్తిలాంటి ముక్కున్న పెద్ద చేపని కొమ్ముకోనెం అంటారు కదా, కొమ్మున్న కోనెం అని, అంటే వంజరం బంధువన్నట్టు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం దాన్ని ట్యూనా, వంజరాల పక్కనే పెట్టారు. డీఎన్ఏ వచ్చాక అదీ పారలున్న వైపుకే వెళ్ళిపోయింది, ఇసుకలో పక్కకి పడుకునే నాలుక చేపలతో సహా. జాలర్లూ పండితులూ ఒకేలా పొరబడిన సందర్భం ఇది.

చెట్టుని చదవడం

గీసిన చెట్టుని తప్పుగా చదవడం గీయడం కన్నా సులువు. ఉయ్యాల మీద కట్టే చిలకల పందిరి గుర్తుందా? గాలికి చిలకలు గుండ్రంగా తిరుగుతాయి, పక్కపక్కన ఉన్నవి మారిపోతుంటాయి, కానీ ఏ చిలక ఏ దారానికి కట్టి ఉందో మారదు. వంశవృక్షమూ అంతే. కాగితం మీద పార పక్కన తెల్ల చందువ పేరు పడినంత మాత్రాన దగ్గరివి అయిపోవు. రెండు పేర్ల మీదా వేళ్ళు పెట్టి, అవి కలిసే ముడి దాకా వెనక్కి వెళ్ళండి. ముడి ఎంత దగ్గరైతే చుట్టరికం అంత దగ్గర. అలాగే కుడి చివర ఉన్నది గొప్పదీ కాదు, ఎడమ చివరిది వెనకబడిందీ కాదు. సొర కూడా ఇవాళ్టి జీవే, మనకెవరికీ తాత కాదు.

ఇప్పుడు అదే చెట్టు మీద మీ పేరు కూడా రాయండి. ఎముకల అస్థిపంజరం మీకూ ఉంది కాబట్టి సొర విడిపోయిన ముడికి లోపల, కానాగంత వైపే మీ కొమ్మ. అంటే కానాగంతకి సొర కన్నా మీరే దగ్గరి చుట్టం. ఇది వినగానే చాలామందికి నవ్వొస్తుంది గానీ, దీని పర్యవసానం పెద్దది. సొరనీ కానాగంతనీ "చేపలు" అని ఒక గుంపులో పెట్టి మనల్ని బయట ఉంచితే, ఒక తల్లి పిల్లల్లో ఒకణ్ణి లెక్కలోంచి తీసేసినట్టు. అందుకే హెన్నిగ్ దారిలో నడిచేవాళ్ళు చేపలు అన్న మాటని బజారుకి వదిలేస్తారు, వర్గీకరణలో వాడరు. పక్షుల్ని బయట ఉంచితే సరీసృపాలకీ అదే గతి.

వచ్చే ఆదివారానికి

ఈ పద్ధతి చేతికొచ్చాక ఋషికొండ రాళ్ళ దగ్గరికి, సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్ళండి. రాళ్ళకి గరుకుగా అతుక్కుని, చిన్న అగ్నిపర్వతాల్లా ఉండే తెల్లటి గుల్లలుంటాయి. ఒడ్డుకి లాగిన పడవల అడుగున కూడా అవే. బార్నకిల్ అంటారు. పక్కన ఒక నత్తగుల్లనీ, ఇంట్లో ఉన్న రొయ్యనీ పెట్టి పట్టిక రాయండి, నక్షత్ర చేపనో జెల్లీ చేపనో వేలువిడిచిన చుట్టంగా నిలబెట్టండి. పెద్ద గుల్లని మాత్రమే చూస్తే మీరు బార్నకిల్‌ని నత్త పక్కన పెడతారు. కానగుర్తకి పేరుపెట్టిన ఆ క్యువియే కూడా అక్కడే పెట్టాడు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని పిల్లని పట్టుకుని చూశాడు. నీళ్ళలో ఈదే ఆ పిల్ల అచ్చం రొయ్యల బంధువుల పిల్లలాగే ఉంది. పెరిగాక రాయికి అతుక్కుని, గుల్ల కట్టుకుని, కాళ్ళతో తిండి లోపలికి తోసుకునే రొయ్యల చుట్టం అది. డార్విన్ వీటి మీదే 1846 నుంచి ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు.

నల్ల చందువ పిల్లని కొనమన్నదీ ఇందుకే.

బార్నకిల్ పిల్లని చూడటానికి చిన్న మైక్రోస్కోపు కావాలి, కాలేజీలో చదివే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళని అడగండి. గుల్లని రాయి నుంచి గీకే పనైతే చేతికి మందంగా గుడ్డ చుట్టుకోండి. దాని అంచు కత్తిలా తెగుతుంది, ఉప్పునీళ్ళలో ఆ గాటు మంట వారం దాకా తగ్గదు.